మేనమామ గంప

కామత్‌ఘర్, భివండి
16 ఆగస్టు 2024

కోడలు పిల్ల స్వర్ణకు,

మేనమామ రాజమౌళి దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ ఓదెమ్మత్త, మా బిడ్డ సాక్షి, వాన, నలుగురం బాగానే ఉన్నాం. వాన మాత్రం మా ముగ్గురికంటే గట్టిగా ఉంది. ఈ గల్లీ విడిచి పోయే ఆలోచన దానికి ఉన్నట్టు లేదు.

నీకు సంబంధం కుదిరిందని మీ అమ్మ ఐలవ్వక్క ఫోన్ చేసింది. ముప్పై ఆరేళ్ళు మరమగ్గాల మధ్య, మన మాటలో సాంచెల మధ్య, నిలబడ్డ చెవులు నావి. అక్క పావుగంట మాట్లాడితే నాకు వినబడింది 'హలో' ఒక్కటే. మీ అత్త అంతా విని నాకు సైగలు చేసింది. మెడలో తాళి కట్టినట్టు చూపించింది, తర్వాత గాలిలో సుద్దముక్కతో రాసినట్టు చూపించింది. పెళ్ళికొడుకు మాస్టరని అర్థమైంది. పేరు రాంప్రసాద్ అని సాక్షి కాగితం మీద రాసిచ్చింది. అందుకే నాకు ఉత్తరాలే మేలు. కరీంనగర్ బస్సు ధామన్కర్ నాకా దగ్గర వారానికి రెండుసార్లు ఆగుతుంది. డ్రైవర్ చేతికిస్తే నీకు చేరుతుంది, నువ్వూ అట్లాగే పంపు. ఉత్తరం రాతభాషలో రాయాలని మా తెలుగు సారు చెవి మెలేసి మరీ నేర్పాడు. ఈ ముస్తాబు అందుకే. ఎదురుగా ఉంటే ఇట్లా మాట్లాడనని నీకు తెలుసు.

ఇక అసలు సంగతి. నీ పెళ్ళిలో గంప నేను మోస్తాను. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకుపోవలసింది మేనమామ. నీకున్నది నేనొక్కణ్ణే. నీ తొట్టెల నాడు, ఉయ్యాలలో వేసేటప్పుడు, నిన్ను ఒంటిచేత్తో ఎత్తినవాణ్ణి. ఇప్పుడు నీ బరువెంతో నిజం రాస్తే ముందునుంచే అలవాటు చేసుకుంటాను.

మీ అత్త పక్కన కూర్చుని రాయమంటోంది కాబట్టి ఇదొకటి. రెండో అంతస్తులో మా ఖోలీకి, మా ఒంటిగదికి, ఎక్కేటప్పుడు మెట్ల మలుపు దగ్గర ఒక నిమిషం ఆగుతున్నాను. కొంచెం ఆయాసం, కొంచెం చెమట. గ్యాస్ అయి ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ళవాడు ఆగడం వింతేమీ కాదు. షుగర్ గోళీ పన్నెండేళ్ళుగా మింగుతూనే ఉన్నాను, మరిచిపోయిన రోజులు తప్ప.

సాంచెలు నడపడం మానేసి వాటిని బాగుచేసే జాబర్‌నయ్యాక నాకు వానాకాలంలోనే పని ఎక్కువ. దారాలు దూరే ఇనుప పళ్ళ పన్నెకు తుప్పు పడితే పోగులన్నీ తెగుతాయి. ఈ వారంలోనే నాలుగు పన్నెలు రుద్దాను. చేతులింకా నూనె వాసన వస్తున్నాయి. కాగితానికీ అంటి ఉంటుంది, ఏమనుకోకు.

నీ మామ
రాజమౌళి

తా.క. బరువు రాయడం మరిచిపోకు.


కరీంనగర్
25 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరానికి నూనె వాసన రాలేదు. ఎండుచేపల వాసన వచ్చింది. డ్రైవర్ దాన్ని ఏ మూట కింద పెట్టి తెచ్చాడో. అమ్మ రెండుసార్లు చదివించుకుంది, రెండుసార్లూ గంప దగ్గరికి రాగానే ముక్కు చీదింది.

నా బరువు రాయను. అడిగినవాళ్ళందరికీ చెప్పే వివరం కాదది.

నువ్వు రెండు ముక్కల్లో దాటేసిన మెట్ల మలుపు మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. నేను పని చేసేది గుండె నాళాలకు ఫోటోలు తీసే గదిలో అని నీకు తెలుసు. మా బల్ల మీద పడుకునేవాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు ఎంతమందో చూస్తే నీకు కాఫీలో చక్కెర వేయబుద్ధి కాదు.

గుండెకు రక్తం తెచ్చే నాళాల లోపల పలచని పొర ఒకటి ఉంటుంది. నాళం ఎప్పుడు వదులవ్వాలో, ఎప్పుడు బిగుసుకోవాలో చూసుకునేది ఆ పొరే. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ పొరలోని కణాలకు అంత చక్కెరను సరిగా ఖర్చు చేయడం చేతకాదు. ఆక్సిజన్ అడ్డదారి పట్టి, దగ్గరున్నదాన్నల్లా కొరికే పదార్థాలు పుడతాయి. వాటిని చల్లార్చే శక్తి ఒంట్లో ఉంది గానీ, రోజూ పుడుతుంటే అది చాలదు. దీన్నే డాక్టర్లు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. నీకు తెలిసిన మాటలో తుప్పు అనుకో. అప్పుడు ఆ పొర పాడవుతుంది, నాళం వదులయ్యే గుణం పోతుంది, కొవ్వు లోపలికి చేరి గోడ మందమవుతుంది, దారి ఇరుకవుతుంది. నీ పన్నె మీద తుప్పు కంటికి కనబడుతుంది, ఇది కనబడదు.

మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష ఉంటుంది. అది చేయించు. ఒక ఈసీజీ కూడా తీయించు. గ్యాసో కాదో అది తేలుస్తుంది. మనమిద్దరం ఉత్తరాల్లో తేల్చలేం.

అత్తకు నా దండాలు. సాక్షికి ముద్దు.

నీ కోడలు
స్వర్ణ


కామత్‌ఘర్
13 సెప్టెంబర్ 2024

తుప్పు డాక్టరమ్మకు,

మామ ఆశీస్సులు. నీ ఉత్తరం అంకుశానికి కూడా చదివి వినిపించాను. అంకుశం నీకు గుర్తుండాలి, చిన్నప్పుడు నీకు చెరుకురసం తాగించి మీ అత్తతో తిట్లు తిన్నవాడు. ఇప్పటికీ నా పక్క వరసలోనే సాంచెలు నడుపుతున్నాడు. ఇద్దరం కూర్చుని బాగా ఆలోచించాం.

తుప్పు సంగతి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇనుము ఉంటేనే తుప్పు. అందుకని పాలకూర, తోటకూర, మునగాకు అన్నీ మానేశాను, వాటిలో ఇనుము ఉంటుందని సాక్షి స్కూలు పుస్తకంలోనే ఉంది. మీ అత్తకు నీరసానికి ఇచ్చిన ఎర్ర గోళీల డబ్బా కూడా అటక మీద పెట్టించాను, పొరపాటున నా నోట్లో పడకుండా. ఇక తుప్పుకు మందు నూనె. పొద్దున్నే పరగడుపున రెండు చెంచాల పల్లినూనె తాగుతున్నాను. పదిరోజులైంది. గొంతు మాత్రం చాలా సాఫీగా ఉంది.

వినాయకుడు వచ్చి కూర్చున్నాడు కదా, మోదకాలు రెండే తిన్నాను. మీ అత్త నాలుగు అంటుంది. లెక్కలో ఆమె ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది.

ఈసీజీకి ఇంకా పోలేదు. ఎందుకు పోవాలో చెప్పు. గుండెజబ్బు అంటే ఛాతీ పట్టుకుని కూలబడాలి. నాకు ఇంతవరకు సూది గుచ్చినంత నొప్పి కూడా లేదు. పైగా మనం మార్కండేయుడి వంశం వాళ్ళం. యముడు మన గడప తొక్కే ముందు రెండుసార్లు ఆలోచించుకుంటాడు.

గంప కోసం సాధన మొదలుపెట్టాను. నీ బరువు నువ్వు చెప్పలేదు కాబట్టి నేనే ఒక అంచనా వేసుకుని నూలు బస్తా ఒకటి ఎంచుకున్నాను. రోజూ కార్ఖానాలో దాన్ని ఎత్తుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తున్నాను. అంకుశం అడుగులు లెక్కపెడుతున్నాడు. మొన్న పధ్నాలుగు అడుగులు నడిచాను. కళ్ళు కొంచెం తిరిగాయి, నూనె తాగి అన్నం తినకపోవడం వల్ల.

నీ మామ
రాజమౌళి


కరీంనగర్
19 సెప్టెంబర్ 2024

మామా,

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, బస్సుకు టైమైంది.

నూనె తాగడం ఇవాళే మానెయ్యి. ఆకుకూరలు తిను. అత్త గోళీలు అత్తకు ఇచ్చెయ్యి. నేను తుప్పు అన్నది నీకు అర్థం కావడానికి. నీ నాళాల్లో ఇనుప పళ్ళు లేవు, నూనె పోస్తే జారడానికి అవి సాంచెలూ కావు. తప్పు నాదే. జాబర్‌తో తుప్పు గురించి మాట్లాడకూడదని నాకు తట్టాల్సింది.

బస్తా ముట్టుకోవద్దు. గంప కూడా వద్దు. ఈ పెళ్ళిలో నన్ను ఎవరూ మోయనక్కర్లేదు. రాంప్రసాద్ వాళ్ళింట్లో ఇటువంటివి పెద్దగా పట్టించుకోరు, వాళ్ళకు పట్టింపు కూడా లేదు. మండపానికి నడిచే వస్తాను.

ముందు ఈసీజీ.

స్వర్ణ


భివండి
4 అక్టోబర్ 2024

చిరంజీవి కుమారి స్వర్ణ గారికి,

మీరు పంపిన ఉత్తరం అందినది. విషయములు తెలిసినవి.

మీ అత్తగారింటివారు చదువుకున్నవారు. వారి ముందు నూలు దుమ్ము తలకంటిన మనిషి గంప ఎత్తుకుని రావడం బాగుండదని మీరు ఆలోచించినారు. అందులో తప్పు లేదు. ముందే చెప్పి ఉంటే నేను బస్తా ఎత్తేవాణ్ణి కాదు. కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాను, ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. మీరు నడిచి వచ్చేటప్పుడు నేను ఏ వైపు నిలబడాలో కూడా తెలియజేయగలరు, లేదా వెనక వరసలో కూర్చోగలను.

నూనె మానినాను. ఆకుకూర తింటున్నాను.

అంకుశానికి మూడు రోజులుగా ఛాతీలో నొప్పి. చెయ్యి పట్టుకుని 'పోతున్నరా రాజమౌళీ' అని ఏడుస్తున్నాడు. అతనికి ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు. రేపు ధామన్కర్ నాకా వైపు ఆసుపత్రికి తీసుకుపోతాను. కాబట్టి కొన్నాళ్ళు ఉత్తరం రాయడానికి తీరిక ఉండకపోవచ్చు.

ఇట్లు,
జి. రాజమౌళి


కరీంనగర్
12 అక్టోబర్ 2024, దసరా

మామా,

నన్ను 'గారు' అన్నావు. అమ్మకు ఆ ఉత్తరం చదివి వినిపించలేదు, బాగున్నారట అని మాత్రం చెప్పాను. ఆమె నమ్మలేదు.

నాన్న చనిపోయిన ఏడాది వేసవిలో నన్ను భివండికి తీసుకుపోయి రెండు నెలలు నీ సైకిల్ ముందు కడ్డీ మీద ఊరంతా తిప్పింది ఎవరు? నేను ఇంటర్ తప్పినప్పుడు అందరూ పెళ్ళి చేసెయ్యమంటే, బస్సెక్కి వచ్చి, 'పిల్ల మల్ల రాస్తది, మీరెవ్వరు నడుమల' అని గుమ్మంలో నిలబడ్డది ఎవరు? ఆ మనిషిని చూసి నేను సిగ్గుపడతానని నువ్వే రాయగలిగావంటే, నేను ఆ రోజు ఎంత మొరటుగా రాశానో అర్థమైంది. వద్దన్నది సిగ్గుతో కాదు మామా, భయంతో. పధ్నాలుగు అడుగులకు కళ్ళు తిరిగాయని రాశావు. అది చదివేసరికి మా బల్ల మీద నువ్వే కనబడ్డావు. ఆ కంగారులోనే పొడిపొడిగా రాసి పంపేశాను.

నొప్పి లేదన్నావు. మా దగ్గరికి వచ్చే షుగర్ వాళ్ళలో కొందరు చెప్పే మాట అదే. చక్కెర నాళాలను మాత్రమే కాదు, నరాలను కూడా మొద్దుబారుస్తుంది. గుండెలో ఇబ్బంది ఉందని చెప్పవలసిన నరం పడుకుంటే నొప్పి రాదు. ఆయాసం వస్తుంది, చెమట వస్తుంది, మెట్ల మలుపు దగ్గర ఆగాలనిపిస్తుంది. అంతే. నొప్పి లేకపోవడం నీకు ధైర్యం ఇస్తోంది, నాకు అదే భయం.

అంకుశం బాబాయ్ ఎలా ఉన్నాడు? అతన్ని మళ్ళీ చూపించడానికి పోయినప్పుడు నువ్వు కూడా ఆ ఈసీజీ బల్ల మీద పడుకుని లే. నా కోసం.

నీ స్వర్ణ
(గారు లేదు)


కామత్‌ఘర్
14 అక్టోబర్ 2024

బిడ్డా స్వర్ణా,

నీ దసరా ఉత్తరం ఇవాళ పొద్దున చేరింది. కానీ అది రాకముందే జరగవలసింది జరిగిపోయింది. కంగారుపడకు, ఈ ఉత్తరం నేను నా చేత్తోనే, టీ తాగుతూ, చక్కెర లేని టీ, రాస్తున్నాను.

అంకుశాన్ని ఆసుపత్రికి తీసుకుపోయాను. సాక్షి కూడా వచ్చింది, నాకు వినిపించాలి కదా. బల్ల చూడగానే అంకుశం గడపలోనే కూర్చుండిపోయాడు. 'తీగలు పెడ్తరట, కరెంటు పెడ్తరట. నువ్వు ముందు పండురా. నీకేం గాకపోతే గప్పుడు నేను పంట' అన్నాడు. అక్కడున్న అమ్మాయి నవ్వి సరే అంది. వాడికి ధైర్యం చెప్పడానికి నేను చొక్కా విప్పి పడుకున్నాను. బిడ్డా, నీ మాట విని కాదు. అబద్ధం ఎందుకు.

కాగితం బయటికొచ్చింది. ఆ అమ్మాయి నవ్వడం మానేసింది. మళ్ళీ తీసింది. డాక్టర్ వచ్చాడు, చిన్నవాడే, మరాఠీలో ఏదో అడిగాడు. సాక్షి నా చెవిలో నోరు పెట్టి సగం మరాఠీలోనే అరిచింది: 'బాపూ, డాక్టర్ విచార్‌తాత్, ఎప్పుడన్న ఛాతీల నొప్పి లేసిందా అని.' లేదన్నాను. ఆయన తల ఊపాడు. ఎప్పుడో ఒకసారి గుండెపోటు చిన్నది వచ్చి పోయిందట. నాకే తెలియకుండా. గుండె ఫోటోలు తీస్తే ఒక నాళం బాగా మూసుకుని ఉంది. మూడు నెలల షుగర్ పది దగ్గర ఉంది, ఏడు దాటకూడదట. లోపల స్టెంటు అనే చిన్న జాలీ వేయాలన్నారు.

అంకుశానికి ఏమీ లేదు. వాడిది గ్యాస్. మూడు రోజులు ఏడ్చినవాడు నడుచుకుంటూ ఇంటికి పోయాడు, నొప్పే లేనివాణ్ణి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోయారు. వాడికి ఇంత సిగ్గు ఎన్నడూ చూడలేదు. రోజూ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంటున్నాడు.

నీ ఉత్తరంలో నరం పడుకుంటుందన్న చోట నేను చాలాసేపు ఆగాను. నీకు గుర్తుందా, సాంచె పక్కన ఒక చిన్న ఫోర్కు చూపించేవాణ్ణి. దారపు కండె పెట్టిన చెక్క నాడా అటూ ఇటూ పరుగెత్తుతూ అడ్డపోగు వేస్తుంటుంది. పోగు తెగినా, కండె అయిపోయినా, ఆ ఫోర్కుకు తగలవలసిన దారం తగలదు, వెంటనే సాంచె ఆగిపోతుంది. నడిపేవాడికి అది శత్రువు. అస్తమానం ఆపుతుంది, బట్ట తక్కువ దిగుతుంది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు కనేరిలో ఒక షెడ్డులో పని చేసేవాణ్ణి. కోపం వచ్చి ఒకరోజు ఆ ఫోర్కును దారంతో కట్టేశాను. ఎంత హాయిగా నడిచిందో. ఒక్కసారి ఆగలేదు. చప్పుడులో తేడా లేదు, ఊపులో తేడా లేదు. సాయంత్రం సేఠ్ బట్టను వెలుతురుకు పట్టి చూస్తే జానెడు జానెడు ఖాళీలు. నిలువు పోగులే ఉన్నాయి, అడ్డపోగు లేదు. ఆ బట్ట చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత జాబర్‌నయ్యాక ఫోర్కు కట్టినవాడు ఎవడు కనబడినా నా నోటికి అడ్డు ఉండేది కాదు.

ఇప్పుడు నా లోపల ఫోర్కును చక్కెర కట్టేసింది. ఆగకుండా నడుస్తుంటే బాగున్నాననుకున్నాను. నేను ఎవర్ని తిట్టాను బిడ్డా ఇన్నేళ్ళు.

ఫోర్కు చెడిన సాంచెను పారెయ్యం. బాగయ్యేదాకా ఒక మనిషి పక్కన నిలబడి పోగును కళ్ళతో చూస్తుండాలి, అంతే. స్టెంటుకు సరేనన్నాను, దీపావళి వెళ్ళాక వేస్తారు. మీ అత్త ఏడుస్తూనే నవ్వుతోంది. 'గంప మోసుడు ముచ్చట తర్వాత. గిప్పుడు నిన్నే గంపల ఏసుకొని మొయ్యాలె' అంటోంది.

నిన్ను గారు అన్నందుకు నన్ను మన్నించు.

నీ మామ
రాజమౌళి


బస్సులోంచి
5 నవంబర్ 2024

మామా,

ఈ ఉత్తరం డ్రైవర్ చేతికి ఇవ్వడం లేదు. రేపు పొద్దున నా చేత్తోనే నీకిస్తాను. ఎదురుగా ఉండి ఉత్తరం ఎందుకంటావేమో. నీ చెవిలో అరిస్తే ఆసుపత్రి అంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకని రాసి తెస్తున్నాను. లోపలికి తీసుకుపోయే ముందు చదువుకో.

ఈ పని నేను రోజూ చూసేదే. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం, అక్కడి నుంచి వెంట్రుకంత తీగ గుండె దాకా పోతుంది. ఇరుకైన చోట చిన్న బుడగను ఊది దారి తెరుస్తారు, జాలీ అక్కడే ఉండిపోతుంది. నువ్వు మెలకువగానే ఉంటావు. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. జాలీ ఒక్క చోటనే దారి తెరుస్తుంది. మిగతా నాళాల్లో తుప్పు ఆగాలంటే చక్కెర తగ్గాలి, బీపీ, కొవ్వు గోళీలు ఒక్కరోజు కూడా మానకూడదు. అది డాక్టర్ పని కాదు, నీ పని.

నీ ఫోర్కు కథ మా పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఇప్పుడు సాంచెల ఊరు సిరిసిల్ల నుంచి వచ్చే షుగర్ రోగులకు ఆయన అదే చెబుతున్నారు. గంటసేపు చెప్పినా తలకెక్కనిది ఒక్క మాటకే ఎక్కుతోందట. నువ్వు బల్ల ఎక్కకముందే నలుగురు నీ వల్ల ఈసీజీకి ఒప్పుకున్నారు.

నాకు భయంగా ఉంది మామా. ఎందరికో ధైర్యం చెబుతాను, నీ దగ్గరికి వచ్చేసరికి అంతా మరిచిపోయాను. నువ్వు చదవడం అయ్యాక నా వంక చూసి నవ్వు, నాకు అది చాలు.

స్వర్ణ


కామత్‌ఘర్
9 ఫిబ్రవరి 2025

కోడలా,

నవ్వాను కదా. ఆ రోజు ఎంత నవ్వానంటే నర్సు నా బీపీ మళ్ళీ చూసింది.

ఇక్కడి కబుర్లు. మెట్ల మలుపు దగ్గర ఆగడం లేదు. ఆగడం లేదని మీ అత్త నమ్మక నా వెనకే ఎక్కి వస్తోంది, ఇప్పుడు ఆమె ఆగుతోంది. నిన్న ఆమెకు కూడా షుగర్ చూపించాం, లేదన్నారు. పొద్దున అరగంట నడక. అంకుశం తోడు వస్తాడు. నాకు ఏమైనా అయితే తనకు ముందు తెలియాలని నా ముఖం చూస్తూ నడుస్తాడు, రెండుసార్లు ఆటోకు తగలబోయాడు. వడాపావ్ బండివాడు నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నాడు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. ఆకుకూరలో ఇనుము ఉన్నా సరే.

మూడు నెలల షుగర్ ఏడుకు దిగింది. ఆ కాగితం సాక్షి గోడకు అంటించింది, తన మార్కుల కాగితం పక్కన. తన లెక్కల మార్కుల కంటే నా కాగితమే బాగుంది.

సేఠ్ బరువు పని వద్దన్నాడు. కూర్చుని పన్నెలు చూస్తున్నాను, కొత్తవాళ్ళకు పని నేర్పుతున్నాను. మొదటి పాఠం ఫోర్కు.

గంప విషయం నేను అడగను. అడగనని రాయడమే అడగడమని మీ అత్త అంటోంది.

నీ మామ
రాజమౌళి


కరీంనగర్
18 ఏప్రిల్ 2025

మామా,

అత్త చెప్పింది నిజమే. నువ్వు అడగలేదు, నేను రెండు నెలల నుంచి నీకు జవాబు వెతుకుతున్నాను.

నిన్ను నడిపించి గుండె చూసిన ట్రెడ్‌మిల్ పరీక్ష కాగితం సాక్షి ఫోన్లో పంపింది. మా డాక్టరుగారికి చూపించాను. నీ డాక్టర్ ఒప్పుకుంటే తనకూ అభ్యంతరం లేదన్నారు, కానీ ఒక్కడివే మోయడానికి వీల్లేదట. నలుగురు పట్టుకోవాలి, ఎవరి మీదా పెద్ద బరువు పడకూడదు. గది నుంచి మండపానికి ఇరవై అడుగులు, ఫంక్షన్ హాలుకు వెళ్ళి కొలిచి వచ్చాను. అక్కడివాళ్ళు నన్ను పెళ్ళికూతురని నమ్మలేదు, టెంటు వేసే మనిషి అనుకున్నారు. మిగతా ముగ్గురిలో ఒకరు అంకుశం బాబాయ్, ఒకరిని అమ్మ చూస్తానంది. ఇంకొకరు రాంప్రసాద్ వాళ్ళ అన్నయ్య, తనే అడిగి పేరు రాయించుకున్నాడు. వాళ్ళకు పట్టింపు లేదని రాశాను కదా, నిజంగానే లేదు.

నువ్వు నా కుడిచేతి వైపు పట్టుకోవాలి. ఎందుకో అక్కడ తెలుస్తుంది. నేను ఆగమంటే నలుగురూ ఆగాలి, మేళం ఆగకపోయినా సరే.

నా బరువు అరవై నాలుగు. ఎవరితో అన్నా అన్నావంటే గంప దిగిపోతాను.

స్వర్ణ


కామత్‌ఘర్
25 మే 2025

అరవై నాలుగు కిలోల కోడలికి,

మేము క్షేమంగా చేరాం. బస్సులో అంకుశం అందరికీ లడ్డూలు పంచాడు, నాకు పంచలేదు. నేను అడగలేదు.

ఆ రోజు గురించి రాయాలని మూడు కాగితాలు పాడుచేశాను. చివరికి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గంప ఎత్తేటప్పుడు నా కుడిచెయ్యి అంచు మీద ఉంది. నువ్వు తల వంచుకుని, కొంగు చాటున, మూడు వేళ్ళు నా మణికట్టు మీద పెట్టావు. తీగ పోయిన చోటే. మొదట నాకు అర్థం కాలేదు, భయపడి పట్టుకున్నావనుకున్నాను. తర్వాత నీ పెదవులు కదలడం చూశాను. ముప్పై ఆరేళ్ళు వినకుండా పెదవులు చూసి బతికినవాణ్ణి, అంకెలు గుర్తుపట్టలేనా. నువ్వు మంత్రం చదవడం లేదు, నా నాడి లెక్కపెడుతున్నావు.

పదకొండో అడుగు దగ్గర 'ఆగుండ్రి' అన్నావు. నలుగురం ఆగాం. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. గంప అడుగు ఊడిందేమోనని మీ అమ్మ లేచి నిలబడింది. నువ్వు మాత్రం తల ఎత్తలేదు, లెక్క ఆపలేదు. నా ఊపిరి సర్దుకుంది. అప్పుడు 'పోండ్రి' అన్నావు. ఇక్కడికి వచ్చాక అంకుశం కార్ఖానాలో అందరికీ ఏం చెబుతున్నాడో తెలుసా, మా ఇంట్లో గంపను నడిమధ్యలో ఆపి మళ్ళీ ఎత్తడం ఆనవాయితీ అని. వచ్చే నెల కనేరిలో ఒక పెళ్ళి ఉంది, వాళ్ళు కూడా ఆపుతారట.

నేను చాలా ఏళ్ళ నుంచి సాంచెల పక్కన నిలబడి పోగు చూస్తున్నాను. నా పక్కన ఒకరు అట్లా నిలబడి చూడటం నాకు కొత్త. ఆ తొమ్మిది అడుగులు నాకు కళ్ళు సరిగా కనబడలేదు. ఈసారి నూనె వల్ల కాదు.

ఫోటో పెద్దది చేయించి కార్ఖానాలో నా కుర్చీ పైన పెట్టారు. అందులో నీ వేళ్ళు కొంగు చాటున ఉండిపోయాయి, కనబడవు. తల వంచుకున్న నీ ముఖం మాత్రం బాగా వచ్చింది. వచ్చినవాళ్ళంతా ఆ ఫోటో చూసి, పిల్లకు ఎంత సిగ్గో అంటున్నారు. అవును, మా పిల్లకు సిగ్గెక్కువ అంటున్నాను.

నీ మామ
రాజమౌళి